మనం భయపడే పాము వేరు, మనల్ని చంపే పాము వేరు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతీయువకులతో పంచుకున్న మాటలు)

  వెనక వరసలో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి మరీ మరీ నమస్కారం. ఎందుకంటే ఈ రోజు నేను మాట్లాడేది మీతోనే.

నన్ను పిలిచినవాళ్ళు ఒక షరతు పెట్టారు. "అడవి గురించి, జంతువుల గురించి పిల్లలకి నాలుగు మాటలు చెప్పండి మాస్టారూ, కానీ క్లాసు పీకకండి" అన్నారు. ఏళ్ళ తరబడి బడిలో పాఠాలు చెప్పినవాడికి ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు. అయినా ఒప్పుకున్నాను. కాబట్టి నల్లబల్ల లేదు, ప్రశ్నపత్రం లేదు. ఒక్క పాము మాత్రం ఉంది. భయపడకండి, సంచీలో తేలేదు. మాటల్లోనే ఉంది.

ముందు ఒక లెక్క తేల్చుకుందాం. మీలో ఎంతమంది ఫోన్లలో పాము వీడియో ఉంది? చేతులెత్తండి. చూశారా, సభలో సగం చేతులు లేచాయి. అందులో పాము బతికి ఉన్న వీడియోలు ఎన్ని? ఇప్పుడు చేతులు దిగిపోతున్నాయి. నేను ఈ రోజు చెప్పబోయేదంతా ఈ లేచిన చేతులకీ, దిగిన చేతులకీ మధ్య ఉంది.

మన కొండ అంచు ఊళ్ళలో వీడియోలకెక్కే పాము ఏదో మీకు తెలుసు. గిరినాగు. కొందరు రాచనాగు అంటారు. మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి, చోడవరం, మన రావికమతం, ఎటు చూసినా కొండ కింద జీడితోటలు, పామాయిల్ తోటలు, మామిడి తోటలే. ఆ తోటల్లో పన్నెండు, పదమూడు అడుగుల గిరినాగు కనిపించిందని ఏడాదిలో నాలుగైదుసార్లయినా పేపర్లో చదువుతూనే ఉంటాం. పేపరు వాళ్ళు ఎప్పుడూ ఒకే మాట రాస్తారు: "గిరినాగు హల్‌చల్". పాపం, అది హల్‌చల్ చెయ్యదు. అది తన దారిన పోతుంది. హల్‌చల్ చేసేది మనం.

ఇంతకీ ఆ పాము ఘనత ఏమిటి? ప్రపంచంలో విషమున్న పాములన్నింటిలోకీ పొడవైనది ఇదే. పెద్దది 18 అడుగుల దాకా పెరుగుతుంది. కోపమొస్తే శరీరంలో మూడోవంతు పైకి లేపి నిలబడుతుంది. అంటే 15 అడుగుల పాము 5 అడుగులు లేస్తుంది. నా ఎత్తు మీరు చూస్తూనే ఉన్నారు. దానికీ నాకూ పెళ్ళిచూపులు జరిగితే ఎవరూ తల దించక్కర్లేదు, కళ్ళలో కళ్ళు పెట్టి చూసుకోవచ్చు. బుస కూడా మామూలు పాము బుసలా ఉండదు. కుక్క గుర్రుమన్నట్టు ఉంటుంది.

దాని తిండి ఏమిటో తెలుసా? పాములు. జెర్రిపోతును తింటుంది, నాగుపామును తింటుంది, కట్లపామును తింటుంది, చిన్న కొండచిలువ దొరికినా వదలదు. అప్పుడప్పుడు ఉడుము. మన ఊళ్ళో ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుని బతికేవాళ్ళు ఉంటారే, అలాగన్నమాట, తన జాతినే తిని బతుకుతుంది. కాకపోతే దాని వల్ల లోకానికి ఉపయోగముంది. ఒకసారి గట్టిగా తిన్నదంటే వారాల తరబడి మళ్ళీ తిండి జోలికి పోదు. ఈ ఒక్క గుణం మనకి ఉంటే పెళ్ళి భోజనాల దగ్గర ఇంత తోపులాట ఉండేది కాదు.

ఇప్పుడు మా మామ్మ సంగతి చెప్పాలి.

నేను మూడో తరగతో, నాలుగో తరగతో. వేసవి. మామ్మతో కలిసి జీడిగింజలు ఏరడానికి కొండ కింద తోటకి వెళ్ళాను. ముందు మామ్మ, వెనక నేను, నా వెనక మా మావయ్య. ఉన్నట్టుండి మామ్మ ఆగిపోయింది. చెయ్యి అడ్డం పెట్టింది. బాట మీద అడ్డంగా, ఇటు పొద నుంచి అటు పొద దాకా, నల్లగా, మధ్యమధ్య తెల్లటి పట్టీలతో ఒక పాము పోతోంది. తల ఎప్పుడో అవతలికి వెళ్ళిపోయింది. తోక ఇంకా రాలేదు. మావయ్య చేతిలో కర్ర లేచింది. మామ్మ వెనక్కి తిరక్కుండానే అంది:

"ఏట్రా గుంటడా, కర్ర దించు. దాని మానాన దాన్ని ఎల్లనీ. నీకేటి అంత తొందర, కలెక్టరాఫీసుకేటి ఎల్లాలా?"

పాము వెళ్ళిపోయింది. మామ్మ ఇంకాసేపు ఆగింది. తర్వాత ఏమీ జరగనట్టు గింజలేరుకోవడం మొదలుపెట్టింది. పక్కింటావిడ ఎదురైతే దారి ఇచ్చి పోయినట్టే. దణ్ణం పెట్టలేదు, కేకలు పెట్టలేదు. భయం లేక కాదు. మామ్మకి భయం ఉంది. కానీ భయం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో కూడా తెలుసు. ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. అంతే.

ఇది జరిగిన రెండేళ్ళకి మా వాడలో ఇంకో సంగతి జరిగింది. ఇది నవ్వే సంగతి కాదు.

నాతో గోళీలాడే ఒకడుండేవాడు. వానాకాలం. ఇంట్లో నేల మీద చాప వేసుకుని అందరూ వరసగా పడుకున్నారు. అర్ధరాత్రి లేచి కడుపునొప్పి అన్నాడు. తిన్నది అరగలేదనుకుని వాము ఇచ్చారు. కాసేపటికి కళ్ళు మూతలు పడుతున్నాయన్నాడు. నిద్రొస్తోందనుకున్నారు. మాట ముద్ద ముద్దగా వచ్చింది. అప్పుడు ఎవరికో అనుమానం వచ్చి మంత్రం వేసే ఆయన్ని పిలిచారు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. తెల్లవారేసరికి వాడు లేడు.

అది కట్లపాము పని. ఆ పాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్ళ పక్కల్లోకి వచ్చేస్తుంది. కుట్టినా చాలాసార్లు నొప్పి తెలీదు, గుర్తు కూడా కనపడదు. మొదట కడుపునొప్పి, తర్వాత రెప్పలు వాలడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి ఆడకపోవడం. ఇదంతా నాకు పెద్దయ్యాక పుస్తకాలు చదివితే తెలిసింది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

మర్నాడు ఏం జరిగిందో వినండి. ఊరంతా కోపంగా ఉంది. కర్రలు పట్టుకుని వెతికారు. దొడ్డి వెనక గడ్డివాము దగ్గర ఒక పాము దొరికింది. కొట్టి చంపారు. "ఇదే, ఇదే" అన్నారు. అది జెర్రిపోతు. విషం లేని పాము. ఎలుకల్ని తిని మన గింజలు కాపాడే పాము. చంపవలసినంత పని ఏ పాముతోనూ లేదు గాని, ఆ రోజు చచ్చింది మాత్రం వాణ్ణి చంపినదాని బంధువు కూడా కాదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇన్నేళ్ళయినా నా బుర్రలో తిరిగే మాట అదే. మనం భయపడే పాము వేరు, మనల్ని చంపే పాము వేరు. పెద్దగా కనిపించేదాన్ని చూసి పరిగెడతాం, చిన్నగా చాప పక్కన చేరేదాన్ని పట్టించుకోం.

లెక్కలు చూద్దాం. ఒక్క నిమిషమే, క్లాసు కాదు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో చనిపోయినవాళ్ళు సుమారు 12 లక్షల మంది అని 2020లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. అంటే ఏడాదికి సగటున 58,000 మంది. ఈ చావులు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదీ ఒకటి. దాదాపు అందరూ పల్లెల వాళ్ళే. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపు, అంటే ఇప్పుడు మనం కూర్చున్న ఈ వానల్లోనే. ఎక్కువమంది ఆస్పత్రి గుమ్మం తొక్కకుండానే పోయారు.

ఈ చావులకి ముఖ్యంగా నాలుగు పాములు కారణం. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. ఈ నాలుగు పేర్లూ మన పిల్లలకి అఆల కంటే ముందు రావాలి. వీటిలో గిరినాగు పేరు ఉందా? లేదు. గిరినాగు కాటుకి మనిషి చనిపోవడం చాలా చాలా అరుదు. అది మనిషి అలికిడి వింటే తప్పుకుపోయే పాము. పైగా ఆ నాలుగింటిలో రెండు దాని భోజనంలో ఉన్నాయి. మనం వీడియో తీసి చంపుతున్నది ఎవర్నో ఇప్పుడు ఆలోచించండి.

అలాగని దాన్ని ముద్దు పెట్టుకోమని నేను చెప్పడం లేదు. ఇది బాగా వినాలి, ముఖ్యంగా తోక పట్టుకుని సెల్ఫీ దిగే వీరులు. మన ఆస్పత్రుల్లో ఉండే విరుగుడు ఇంజెక్షన్ నేను చెప్పిన ఆ నాలుగు పాముల కోసం తయారు చేసింది. గిరినాగు విషం కోసం చేసింది కాదు. అది ఒక్కసారి కుట్టిందంటే దిగే విషం చాలా ఎక్కువ. కాబట్టి లైకుల కోసం దాని దగ్గరికి వెళ్ళేవాడికి నా సలహా ఒక్కటే: పోస్టు పెట్టేముందు ఇంట్లో చెప్పి వెళ్ళండి.

ఇంక అమ్మ పాము సంగతి. ప్రపంచంలో ఆకులు పోగుచేసి గూడు కట్టే పాము గిరినాగు ఒక్కటే. చేతుల్లేవు, కాళ్ళు లేవు. ఒంటిని కొంకిలా వంచి ఎండుటాకుల్ని లాక్కొచ్చి కుప్ప వేస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య, వానలకి ముందు, ఆ కుప్పలో ఇరవై నుంచి నలభై దాకా గుడ్లు పెడుతుంది. కుప్ప లోపల వెచ్చగా ఉంటుంది, పైన వాన పడినా గుడ్లు తడవకుండా ఉంటాయి. రెండు నెలల పైన తల్లి ఆ కుప్పనే కాపలా కాస్తుంది. పిల్లలు బయటికొచ్చే ముందు తల్లి వెళ్ళిపోతుంది. ఉంటే తన పిల్లల్నే పాములనుకుని తినేస్తుందేమోనని వెళ్ళిపోతుందంటారు. ఎంతైనా పాముల్ని తినే పాము కదా. తనని తను నమ్మలేని తల్లి. అడవిలో అంతకంటే పెద్ద త్యాగం ఏముంటుంది?

ఈ మాట మీకెందుకు చెబుతున్నానంటే, ఆ ఆకుల కుప్ప ఎక్కడుంటుందో ఆలోచించండి. కొండ కింద, వెదురు పొదల్లో, మన తోటల అంచున. మనమేం చేస్తాం? ఎండాకాలంలో తోట ఊడ్చి ఆకుల కుప్పకి అగ్గిపుల్ల గీస్తాం. కొండకి నిప్పు పెడతాం. ఒక్కోసారి బీడీ ముక్క పారేస్తాం. మనకి తెలీకుండానే గూడూ గుడ్లూ పోతాయి. కుప్పకి నిప్పు పెట్టేముందు ఒక్కసారి దూరం నుంచి చూడండి. మీరు వెయ్యని కుప్ప, నున్నగా గుండ్రంగా తోటలో కనపడితే అటు వెళ్ళకండి. చుట్టూ రెండు మూడు నెలలు ఎవర్నీ వెళ్ళనివ్వకండి. మీ తోటలో పనికి అడ్డమే. కానీ అది ప్రసవమైన ఇల్లు. మన ఆచారంలో పురుడొచ్చిన ఇంటికి పక్కవాళ్ళు ఇచ్చే మర్యాదే అది.

ఈ పాము పేరు వెనక ఈమధ్య ఒక తమాషా జరిగింది. ఇన్నాళ్ళూ ప్రపంచంలో గిరినాగులన్నీ ఒకే జాతి అనుకున్నారు. 2024లో శాస్త్రవేత్తలు అవి ఒకటి కాదు, నాలుగు జాతులని తేల్చారు. ఒకటి ఇండోనేషియా, మలేషియా వైపు. ఒకటి ఫిలిప్పీన్స్‌లో. ఒకటి మన పడమటి కనుమల్లో. ఇంకొకటి హిమాలయాల అడుగు నుంచి బర్మా, థాయిలాండ్ దాకా, మన తూర్పు కనుమల్లోనూ ఉన్నది. పడమటి కనుమల పాముకి పెట్టిన పేరు కాళింగ. కన్నడ వాళ్ళు దాన్ని పిలుచుకునే పేరే. కళింగ దేశం ఇక్కడ, కాళింగ పాము అక్కడ! మన సామాను ఎప్పుడూ వేరేవాళ్ళ పేరు మీదే రిజిస్టర్ అవుతుందని నేనెప్పుడూ చెబుతూనే ఉంటాను.

నవ్వులాట అలా ఉంచండి. ఆ పేరులో ఒక పాఠం ఉంది. అక్కడి పల్లె జనం నోట్లో ఉన్న పేరుని శాస్త్రవేత్తలు తీసుకుని ప్రపంచానికి ఇచ్చారు. మన పెద్దల నోట్లో ఎన్ని పాముల పేర్లు, ఎన్ని పిట్టల పేర్లు, ఎన్ని దుంపల పేర్లు ఉన్నాయి? మీలో ఎవరైనా అవి రాసి పెట్టారా? చీమలపాడు, నేరేడుబంద, కళ్యాణపులోవ. మన ఊళ్ళ పేర్లలోనే చీమా ఉంది, నేరేడూ ఉంది, లోవా ఉంది. ఫోనులో రికార్డు చెయ్యడం మీకు నేర్పక్కర్లేదు. ఈసారి పాము చచ్చిన వీడియో బదులు మీ తాతమ్మ మాట రికార్డు చెయ్యండి.

తాతల తెలివికి విలువ లేదనుకునేవాళ్ళకి ఇంకో కథ చెబుతాను. ఇది కట్టుకథ కాదు. తమిళనాట ఇరుల అనే ఆదివాసీలున్నారు. పాములు పట్టడంలో వాళ్ళకి సాటి లేరు. ఒకప్పుడు పాము చర్మాలు అమ్ముకుని బతికేవాళ్ళు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, ఆ తర్వాత చర్మాల వ్యాపారం మూతపడింది. పొట్ట గడవని పరిస్థితి. అప్పుడు రోములస్ విటేకర్ అనే పాముల నిపుణుడు తోడు నిలవగా 1978లో చెన్నై దగ్గర వాళ్ళకి ఒక సహకార సంఘం ఏర్పడింది. ప్రభుత్వ అనుమతితో ఆ నాలుగు రకాల పాముల్ని పట్టడం, కొన్ని వారాలు ఉంచుకుని విషం తియ్యడం, గుర్తు పెట్టి మళ్ళీ అడవిలో వదిలెయ్యడం. ఆ విషం మందుల కంపెనీలకి వెళ్తుంది. దాన్ని కొంచెం కొంచెంగా గుర్రాలకి ఎక్కిస్తారు. గుర్రం రక్తంలో విరుగుడు తయారవుతుంది. దాన్ని శుద్ధి చేస్తే ఇంజెక్షన్. రేపు మన ఆస్పత్రిలో మన పిల్లాడికి ఎక్కించే సీసాలో ఒక ఇరుల అన్న చేతి పని ఉండొచ్చు.

వాళ్ళలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరున్నారు. 2017లో అమెరికా వాళ్ళు ఈ ఇద్దర్నీ ఫ్లోరిడాకి పిలిపించుకున్నారు. అక్కడి చిత్తడి అడవుల్లో బయటి దేశం కొండచిలువలు పెరిగిపోయి ఉన్న జంతువులన్నింటినీ తినేస్తున్నాయి. ఎన్ని యంత్రాలు పెట్టినా దొరకడం లేదు. మనవాళ్ళు గడ్డిలోకి దిగారు. రెండు వారాలు తిరక్కుండానే 13 కొండచిలువల్ని పట్టి ఇచ్చారు. 2023లో ఈ ఇద్దరికీ భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆదివాసీ తెలివి ఖరీదు అది. "అడవోళ్ళకి ఏం తెలుసు" అని ఎవరైనా అంటే ఈ రెండు పేర్లు చెప్పండి.

అయితే రేపటి నుంచి మీరంతా పాములు పట్టేస్తామంటే కుదరదు. వాళ్ళకి లైసెన్సు ఉంది, తరాల చేయి వాటం ఉంది. గిరినాగును చంపినా, పట్టినా, ఆడించినా చట్టం ప్రకారం నేరం. మీరు చెయ్యగలిగింది వేరే ఉంది, దానికి లైసెన్సు అక్కర్లేదు. విశాఖపట్నం కేంద్రంగా ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ అనే సంస్థ మన ప్రాంతంలో గిరినాగుల సంరక్షణ కోసం పనిచేస్తోంది. పాము కనిపించిందంటే అటవీశాఖ వాళ్ళూ, శిక్షణ పొందినవాళ్ళూ వచ్చి పట్టి అడవిలో వదిలిన సందర్భాలు మీరు చూసే ఉంటారు. ఒకప్పుడు కర్ర తీసిన ఊళ్ళు ఇప్పుడు ఫోను తీస్తున్నాయి. ఆ మార్పు తెచ్చినవాళ్ళలో మీలాంటి కుర్రాళ్ళే ఎక్కువ.

కాబట్టి మీ బీట్ ఆఫీసరు నంబరు ఫోనులో వేసుకోండి. గిరినాగు కనిపిస్తే ఆగండి, వెనక్కి తగ్గండి, దారి ఇవ్వండి. తోటలోనో కొండ మీదో అయితే దాని మానాన పోనివ్వండి. ఇంట్లోకో పాకలోకో వస్తే అందరూ బయటికి వచ్చి, దూరం నుంచి కనిపెట్టి ఉండి, ఫోను చెయ్యండి. చుట్టూ జనం మూగితే పాముకి దారి ఉండదు. దారి లేని పామే పడగ విప్పుతుంది.

ఇక పాము కుట్టినప్పుడు. ఇక్కడ నవ్వులు లేవు, బాగా వినండి. కొయ్యకండి. నోటితో పీల్చకండి. తాడు బిగించి కట్టకండి. పసరు, మంత్రం అంటూ గంటలు పోగొట్టకండి. పామును వెతికి చంపి ఆస్పత్రికి తేనక్కర్లేదు, మందు నాలుగింటికీ ఒకటే. ఉంగరాలు, మెట్టెలు, గాజులు, మొలతాడు తీసెయ్యండి. కుట్టిన చెయ్యో కాలో విరిగిన ఎముకకి కట్టినట్టు కర్ర పెట్టి కదలకుండా వదులుగా కట్టండి. మనిషిని నడిపించకండి, పరిగెత్తించకండి. కదిలిన కొద్దీ విషం ఒంట్లో పాకుతుంది. 108కి ఫోను చెయ్యండి. బండి రాకపోతే బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపొండి. ప్రభుత్వ ఆస్పత్రిలో ఈ మందుకి డబ్బులక్కర్లేదు.

బైకు కూడా పోని దారైతే డోలీయే. మన కొండ మీది ఊళ్ళలో ఇంకా డోలీ మోత ఉందని మనకి తెలుసు. డోలీలో మనిషి కదలకుండా పడుకుంటాడు కాబట్టి నడిపించడం కంటే అదే నయం. మోసేవాళ్ళ భుజాలకి దణ్ణం. కానీ ఒక్కటి మాత్రం చెబుతాను. డోలీ మొయ్యడం మనకి సిగ్గు కాదు. ఇన్నేళ్ళయినా మోయించడం సిగ్గు. కట్లపాము చంపే మనుషుల్లో కొందరిని నిజానికి చంపుతున్నది లేని రోడ్డు. పామును కొట్టడానికి పది కర్రలు లేస్తాయి. రోడ్డు అడగడానికి పది సంతకాలు లెయ్యవు. ఇది కూడా ఆలోచించండి.

మనం భయపడేది వేరు, చంపేది వేరు అన్నానే, అది పాముల దగ్గరే ఆగదు. మన కళ్యాణపులోవ రిజర్వాయరు వైపు కొండల్లో గ్రానైట్ తవ్వకాలు వద్దని మన గిరిజనులు, కింది రైతులు గొంతెత్తిన సంగతి మీకు తెలుసు. ఒక గిరినాగు తోటలోకి వస్తే ఊరంతా లేచి నిలబడతాం. అది కొండ దిగి ఎందుకొచ్చిందో అడగం. కొండను పేలిస్తే దానిలో ఉన్నది ఎటు పోతుంది? కిందికే కదా. పాము వెనక పాము కాదు, పాము వెనక నీళ్ళు కూడా దిగి వెళ్ళిపోతాయి. కొండలో ఊట ఎండితే మన మడి ఎండుతుంది. గిరినాగు ఉందంటే దాని తిండికి సరిపడా పాములున్నాయని, ఆ పాములకి సరిపడా ఎలుకలూ కప్పలూ ఉన్నాయని, వాటికి సరిపడా నీరూ నీడా ఉన్నాయని అర్థం. అది మన కొండకి హెల్త్ రిపోర్టు. రిపోర్టుని కర్రతో కొడితే జబ్బు నయం కాదు.

మనవి నాన్‌షెడ్యూల్డ్ ఊళ్ళు. ఐదో షెడ్యూలు గీత మనల్ని కలుపుకోలేదు. కొండకి అటువైపు ఉన్న చుట్టానికి ఉన్న రక్షణ ఇటువైపు ఉన్న మనకి లేదు. పాముకి ఆ గీత తెలీదు. అది అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. దాని దృష్టిలో ఇదంతా ఒకే కొండ, ఒకే అడవి. ఈ ఒక్క విషయంలో అది మన అధికారుల కంటే తెలివైనది.

1982లో ఇదే ఆగస్టు 9న జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఆదివాసీల కార్యవర్గం మొదటిసారి కూర్చుంది. అందుకే ఈ రోజు మనకి పండగ. ఇదే ఆగస్టులో మన కొండల మీద ఎక్కడో ఒక ఆకుల కుప్పలో గుడ్లు పగిలి రెండు జానల పిల్లలు బయటికొస్తూ ఉంటాయి. తల్లి అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది. వాటికి మిగిలింది మనం.

ఇంటికెళ్ళాక మూడు పనులు చెయ్యండి. ఒకటి, ఈ వానాకాలం ఇంట్లో ఎవరినీ నేల మీద పడుకోనివ్వకండి. మంచమెక్కించండి, దోమతెర కట్టి అంచులు పక్క కిందికి దోపండి. చీకట్లో బయటికెళ్తే లైటు పట్టుకెళ్ళండి, ఫోనులో ఉంది కదా. రెండు, ఆ నాలుగు పాముల పేర్లు, గుర్తులు మీ వాడలో పిల్లలకి నేర్పండి. మూడు, ఎవరైనా కర్ర ఎత్తితే మా మామ్మ మాట వాళ్ళకి చెప్పండి.

"కర్ర దించు. దాని మానాన దాన్ని ఎల్లనీ. నీకేటి అంత తొందర?"

నా గోళీల నేస్తం ఉంటే ఈ రోజు ఈ సభలో ముందు వరసలో కూర్చుని, నేను ఎక్కువ మాట్లాడుతున్నానని దగ్గేవాడు. ఆ దగ్గు నాకు వినిపిస్తోంది. అందుకే ఆపేస్తున్నాను.

జోహార్. జై ఆదివాసీ.